కిర్రు చెప్పులు



మొన్న దసరా సెలవులకు మా మనవడు ఇంటికొచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మాది కోదాడ పక్కన అనంతగిరి మండలంలో ఒక పల్లె. పండుగ మరునాడు రాత్రి అన్నాలు తిన్నాక, "తాతా, ఇయ్యాల నీకొక సినిమా చూపిస్తా, నిద్రపోవద్దు" అన్నాడు. ఇంగ్లీషు సినిమా అంటే నాకు బెదురు. వాళ్లు మాట్లాడే వేగం నా చెవికి అందదు. "మధ్యమధ్యల ఆపి చెప్తా గదా" అని వాడే ధైర్యం చెప్పాడు. అట్లా రెండు గంటల నలభై అయిదు నిమిషాల సినిమాను మేమిద్దరం నాలుగు గంటలు చూశాం.

ఆ సినిమా పేరు ‘జాంగో అన్‌చెయిన్డ్’. సంకెళ్లు తెగిన జాంగో అని అర్థం. క్వెంటిన్ టరాంటినో రాసి తీశాడు. 2012 డిసెంబరులో అమెరికాలో విడుదలైంది. ఆ రాతకు ఆస్కార్ వచ్చింది, అందులో జర్మన్ డాక్టర్ వేషం వేసిన క్రిస్టాఫ్ వాల్ట్జ్‌కూ వచ్చింది. కథ 1858లో మొదలవుతుంది. అంటే ఇక్కడ సిపాయిల తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడు. అప్పటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది నల్లవాళ్లు బానిసలు. సంతలో ఎద్దుల్ని కొన్నట్టు పళ్లు చూసి, భుజాలు తట్టి చూసి కొనేవాళ్లు. అటువంటి ఒక బానిస జాంగో. అతన్ని షుల్ట్జ్ అనే ఆ జర్మన్ విడిపిస్తాడు. ఆయన ఒకప్పుడు పళ్ల డాక్టరు. ఇప్పుడు సర్కారు తలకు వెలకట్టిన నేరస్థులను వెతికి చంపి ఇనాము తీసుకోవడం ఆయన పని. జాంగో ఆయన దగ్గర తుపాకి నేర్చుకుంటాడు. వేరే చోటికి అమ్ముడైపోయిన తన భార్య బ్రూమ్‌హిల్డా కోసం మిసిసిపీలో క్యాండీ అనే పత్తి దొర గడీలోకి వెళ్తాడు. చివరికి గడీ పేలిపోతుంది, దొరతనం బూడిదైపోతుంది, మొగుడూ పెళ్లాలు గుర్రాలెక్కి వెళ్లిపోతారు.

తుపాకులు పేలినప్పుడల్లా మావాడు కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నాడు. వాడి వయసు అది. నేను మాత్రం ఒకచోట, "ఆపు, అదొక్కసారి మళ్ళీ వెయ్యి" అన్నాను. వాడికి ఆశ్చర్యమేసింది. ఎందుకంటే అక్కడ ఏమీ జరగదు. జాంగో గుర్రం మీద కూర్చుని ఒక చిన్న పట్నంలోకి వస్తాడు. అంతే. ఎవర్నీ కొట్టడు, ఎవర్నీ తిట్టడు. వీధిలో జనం పనులు మానేసి నోళ్లు తెరిచి చూస్తారు. కిటికీల్లోంచి తలలు బయటికొస్తాయి. నల్ల మనిషి గుర్రమెక్కడం వాళ్లు ఎన్నడూ చూడలేదు.

"ఇందులో ఏముంది తాతా?" అన్నాడు మావాడు. వాడికి అప్పుడు చెప్పిన జవాబునే కొంచెం పెంచి ఈ పూట మీకు చెబుదామని వచ్చాను.

మా తాత జీతగాడు. అప్పట్లో మా ఊరు నిజాం ఏలుబడిలో ఉండేది. ఊరి నడుమ గడీ. మా తాత తన పెండ్లికి గడీ నుంచి కొన్ని జొన్నలు, కొంత రొక్కం అప్పు తెచ్చాడు. జొన్నల అప్పుకు నాగు. అంటే బస్తా తెస్తే పంటనాటికి బస్తాన్నర కొలవాలి. కొలవలేకపోతే మిగిలింది అసలులో కలుస్తుంది. ఆ అప్పు తీరేదాకా గడీలో జీతం చెయ్యాలని కాగితం మీద వేలిముద్ర వేశాడు. అది తీరలేదు. మా నాయనకు పదేళ్లొచ్చేసరికి ఆయన్నూ పశువుల కాపరిగా పెట్టుకున్నారు. ఈ రకం జీతానికి సర్కారు కాగితాల్లో భగేలా అని పేరు. దాన్ని అదుపు చేయడానికి 1936లోనే నిజాం సర్కారు ఒక చట్టం చేసింది. ఆ చట్టం సంగతి మా తాతకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పటేలూ పట్వారీ గడీ అరుగు మీదే కూర్చునేవాళ్లు.

ఇదంతా నాకు మా నాయనమ్మ చెప్పింది. ఆమె అప్పుల లెక్క చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు. జొన్నల సంగతి, నాగుల సంగతి ఎవరి కథో చెప్పినట్టు చెప్పేది. చెప్పుల సంగతి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు మారేది.

గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పాలి. విప్పి చేతిలో పట్టుకున్నా తప్పే, చంకలో పెట్టుకోవాలి. తలకు చుట్టిన రుమాలు తీసి నడుముకు కట్టుకోవాలి. దొర అరుగు మీద ఉంటే ఆగి, నడుం వంచి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా" అనాలి. ఆయన తలెత్తి చూసేదాకా అట్లాగే ఉండాలి. ఆయన చూడకపోతే? అప్పుడూ ఉండాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కింద నేల కాలుతుంటే, చంకలో చెప్పులు పెట్టుకుని ఒంటికాలు మీద మార్చి మార్చి నిలబడ్డ మనుషుల్ని మా నాయనమ్మ చూసింది. అందులో తన మొగుడూ ఉన్నాడు.

ఊళ్లో తోలు పనిచేసే తాత ఒకాయన గడీకి చెప్పులు కుట్టేవాడు. వెట్టికే. తోలు ఆయనదే, కష్టం ఆయనదే. ఆయన దొరకు కిర్రు చెప్పులు కుట్టేవాడు. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అడుగు వేస్తే కిర్రుకిర్రుమని మోగుతాయి. చీకట్లో ఆ చప్పుడు వినపడితే వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. దొర కనపడాల్సిన పనిలేదు, చప్పుడు చాలు.

అందుకే ఆ గుర్రం దగ్గర నేను ఆగిపోయాను. జాంగో తన మొదటి తూటా పేల్చకముందే ఆ సినిమా ఒక మనిషి వెన్నెముకను నిలబెట్టింది. అంతకుముందు ఇంకొక దృశ్యం ఉంది, మావాడు దాన్నీ గమనించలేదు. సంకెళ్లు తీశాక జాంగో తన మీది దుప్పటిని ఒక్క విసురుతో కింద పారేస్తాడు. వెనక వీపు మీద కొరడా వాతలు. చలిరాత్రి, ఒంటిమీద గుడ్డలేదు, ఐనా ఆ దుప్పటి వద్దు. అది బానిసకిచ్చిన దుప్పటి గనక. ఆ తర్వాత షుల్ట్జ్ అతన్ని బట్టలు ఎంచుకోమంటాడు. నచ్చిన బట్ట తొడుక్కోవడం అతనికి బతుకులో అదే మొదటిసారి. నీలిరంగు కోటు ఎంచుకుంటాడు. నిగనిగలాడే నీలం. మావాడు నవ్వాడు. నాకు మా తాత రుమాలు గుర్తొచ్చింది.

ఈ సినిమాకు లోకమంతా జనం ఎందుకు ఎగబడ్డారంటే పగ కోసమని చాలామంది అంటారు. కొంత నిజమే. చేసిన పాపానికి కళ్లముందే ఫలితం దక్కుతుంటే చూడ్డం ఎవరికి చేదు? కానీ పగ సినిమాలు వందలున్నాయి. అవన్నీ మనసులో నిలవవు. నాకు తోచింది చెబుతాను. బానిసతనం ఉండేది సంకెళ్లలోనూ అప్పు కాగితాల్లోనూ మాత్రమే కాదు. వంగిన నడుములో ఉంటుంది. దించిన కళ్లలో, చంకలోని చెప్పుల్లో, నోట్లోంచి దానంతటదే వచ్చే ‘బాంచెన్’ అనే మాటలో ఉంటుంది. ఆ ఒళ్లు ఒక్కొక్క కీలు దగ్గర నిటారుగా లేస్తుంటే చూడ్డంలో ఉన్న సంబరం ఆ సినిమాది. తుపాకుల మోత దానికి డప్పు మాత్రమే.

దీనికి ఆ సినిమాలోనే గట్టి సాక్ష్యం ఉంది. బ్రూమ్‌హిల్డా బేరం 12 వేల డాలర్లకు కుదురుతుంది. డబ్బు ఇచ్చేశారు. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. వాకిలి దాటితే చాలు, పని పూర్తి. అప్పుడు క్యాండీ దొర అంటాడు, మా దగ్గర బేరం ముగిస్తే చెయ్యి కలపాలి అని. చెయ్యి కలిపితే ఏం పోయింది? షుల్ట్జ్ కలపలేడు. అంతకుముందే ఆ దొర ఒక బానిసను కుక్కలతో చీల్పించడం ఆయన కళ్లారా చూశాడు. ఆ చేతిని ముట్టుకోవడం కంటే చావడం నయమనిపించింది. చెయ్యి చాచినట్టే చాచి కాల్చేస్తాడు. మరుక్షణం తనూ చచ్చిపోతాడు. మావాడు నెత్తి కొట్టుకున్నాడు, "ఒక్క షేక్‌హ్యాండ్ ఇస్తే అయిపోయేది గదా తాతా!" అని. నిజమే, అయిపోయేది. ఒక్క ‘కాల్మొక్తా’ అంటే ఇక్కడ మా పల్లెల్లో కూడా ఎన్నో గండాలు గట్టెక్కేవి. అనలేక కొరడా దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు.

నన్ను నిద్రపోనివ్వని మనిషి మాత్రం ఆ సినిమాలో వేరే ఉన్నాడు. స్టీఫెన్. శామ్యూల్ జాక్సన్ వేసిన వేషం. తనూ నల్లవాడే, తనూ బానిసే. గడీలో పెద్ద పనిమనిషి. చేతిలో కర్ర, వంగిన నడుము, నెరిసిన జుట్టు. జాంగో గుర్రమెక్కి రావడం చూసి అందరికంటే ఎక్కువ మండిపడేది ఆయనే. నల్లవాడికి పెద్దింట్లో పడకా అని దొరతో కొట్లాడతాడు. చుట్టాల ముందు దొర ప్రతి మాటకూ తాళం వేస్తాడు. తర్వాత పుస్తకాల గదిలో దొరతో ఒంటరిగా ఉన్నప్పుడు చూడాలి. కుర్చీలో దర్జాగా కూర్చుని, చేతిలో సారా గ్లాసు పట్టుకుని, నిన్ను మోసం చేస్తున్నారయ్యా అని దొరకు పాఠం చెబుతాడు. దొర పిల్లవాడిలా వింటాడు. ఆ గడీని నడిపేది ఎవరో అప్పుడు తెలుస్తుంది.

"గడీల దొర ఏడాదికి నాలుగుసార్లు కనపడేటోడు బిడ్డా, వాడు దినాం కనపడేటోడు" అనేది మా నాయనమ్మ. ఆమె చెప్పే ‘వాడు’ మా వాడకట్టు మనిషే. గడీకి ముఖ్యుడు. ఎవరి ఇంట్లో కోడి గుడ్డు పెట్టింది, ఎవరి పెండ్లాం ఎవరితో మాట్లాడింది, ఏ రాత్రి ఎవరింట్లో నలుగురు కూడి కూర్చున్నారు, అన్నీ వాడి నోటి నుంచే గడీకి చేరేవి. వెట్టికి మనుషుల్ని పిలవడానికి తెల్లవారక ముందే తలుపు తట్టేది వాడే. వాడి నడుమూ దొర ముందు వంగేది, అందరికంటే ఎక్కువే వంగేది. సినిమాలో స్టీఫెన్ చచ్చేటప్పుడు మా మనవడు చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేకపోయాను. డెబ్బై ఆరేళ్లు ఆ ఇంట్లోనే బతికిన ముసలివాడు, ఆ గోడలు తప్ప వేరే లోకం తెలియనివాడు. దొరతనం మనిషికి చేసే అన్యాయాల్లో కొరడా దెబ్బ ఒకటి, ఇట్లా తయారుచేయడం ఇంకొకటి. రెండోదానికి మందు లేదు.

ఈ సినిమా మీద కోపగించినవాళ్లూ ఉన్నారు, అదీ చెప్పాలి. నల్లవాళ్ల జీవితాల మీద గొప్ప సినిమాలు తీసిన స్పైక్ లీ, ఈ సినిమాను చూడనే చూడనన్నాడు. మా పూర్వీకులు పడ్డ నరకాన్ని గుర్రాల మీద తుపాకులు కాల్చుకునే కథగా చెయ్యడం వాళ్లకు అవమానం అన్నది ఆయన మాటల సారం. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. మరుసటి ఏడే, 2013లో, ‘ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్’ వచ్చింది. సాలమన్ నార్తప్ అనే స్వేచ్ఛాజీవిని 1841లో మోసంతో ఎత్తుకుపోయి అమ్మేశారు. పన్నెండేళ్లకు బయటపడ్డాడు. కోర్టుకు వెళ్తే అతన్ని అమ్మినవాళ్లకు శిక్షే పడలేదు. అది జరిగిన కథ. జాంగో, జరిగి ఉంటే బాగుండునని జనం అనుకునే కథ. జనానికి రెండూ కావాలి. నేను మాత్రం మొదటి రకం చూసిన రాత్రి నిద్రపోలేను, రెండో రకం చూసిన రాత్రి మా తాతను తలుచుకుంటాను.

మన దగ్గరా ఈ రెండు రకాలూ ఉన్నాయి. శ్యామ్ బెనెగల్ 1974లో ‘అంకుర్’ తీశాడు. తెలంగాణ పల్లె కథ. చివర్లో ఒక చిన్న పిల్లవాడు దొరింటి కిటికీ మీదికి రాయి విసురుతాడు. తెర ఎర్రబడుతుంది. సినిమా అయిపోతుంది. ఒక్క రాయి. మరుసటి ఏడు వచ్చిన ‘నిశాంత్’లో ఆ రాయి ఊరంతటి తిరుగుబాటయింది. జనం కోపం కట్టలు తెంచుకున్నాక దోషి ఎవరో, కానివాళ్లెవరో చూడదని కూడా అందులో చూపించాడు. నర్సింగరావు గారు, రవీంద్రనాథ్ గారు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల దానికి ఆధారం. 1988లో నర్సింగరావు గారే ‘దాసి’ తీశారు. దానికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో గడీలో దాసిగా అర్చన నటన చూస్తుంటే ఊపిరాడదు. ఎవరూ ఎవర్నీ చంపరు. ఆమె నీళ్లు మోస్తుంది, మెట్లు దిగుతుంది, దొర పిలిస్తే వెళ్తుంది. దొరల ఇండ్లలో పెండ్లికూతురితో పాటు ఆడబాపల్ని, అంటే ఇంటి దాసీలను కూడా సారెలో సామాను పంపినట్టు పంపేవారు. అమెరికాలో మనిషికి ధర కట్టి అమ్మారు. ఇక్కడ ధర కూడా కట్టలేదు.

ఆ తర్వాత 1997లో దాసరి నారాయణరావు గారి ‘ఒసేయ్ రాములమ్మ’ వచ్చింది. ఇంగ్లీషు జాంగో కంటే పదిహేనేళ్ల ముందే విజయశాంతి గారు మనకు జాంగోను చూపించారు. అప్పుడు నేను బడిలో తెలుగు పంతులుని. కోదాడ థియేటర్ ముందు ట్రాక్టర్ల బారు నాకింకా గుర్తుంది. నాటు వేసి, కాళ్లకు బురద ఆరకముందే ట్రాక్టరెక్కి వచ్చిన ఆడవాళ్లు. దొర మీదికి రాములమ్మ తిరగబడ్డప్పుడు నా పక్కన కూర్చున్న ఒక ముసలామె ఈలలు వెయ్యలేదు, చప్పట్లు కొట్టలేదు. కొంగు తీసి కళ్లొత్తుకుని, మళ్ళీ నిటారుగా కూర్చుంది. అది మంచి సినిమానా, మామూలు సినిమానా అని ఎవరైనా నన్ను వాదనకు దింపితే, ఆ ముసలామె పేరు చెప్పి తప్పుకుంటాను. ఆమె పేరు నాకు తెలియదు, అది వేరే మాట.

మావాడు అడిగాడు, "మరి నిజంగా మన దగ్గర జాంగో ఎవరు తాతా?" అని.

ఒక్కరు లేరురా అన్నాను. సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలని, మన సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలని రాశారు. అంత భూమి ముందు ఒక్క గుర్రం, ఒక్క తుపాకి ఎంత? కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల మీద కోర్టుకెక్కి గెలిచాడు. గెలిచినందుకు 1940లో నరికి చంపారు. మొదట అడిగింది న్యాయాన్నే, అది గమనించాలి. ఆయన కథతోనే సుంకర, వాసిరెడ్డి గార్లు ‘మా భూమి’ నాటకం రాశారు. పాలకుర్తిలో ఐలమ్మ తన కౌలు పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోకుండా నిలిచింది. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు కోసి వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. గడీ మీద ఆమె తీర్చుకున్న పగ ఏమిటంటే, ఇంటినిండా వడ్లు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద గడీ నుంచి కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాతే ఊళ్లు ఊళ్లుగా లేచాయి.

షుల్ట్జ్ తెల్లవాడు గదా, నల్లవాణ్ణి విడిపించడానికి తెల్లవాడే రావాలా అని ఆ సినిమాను కొందరు తప్పుపట్టారు. మన దగ్గర కూడా రావి నారాయణరెడ్డి గారు భూస్వాముల ఇంటివారే. సూర్యాపేట దగ్గర కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం గారు కూడా కలిగిన ఇంటి బిడ్డలే. వాళ్లు పుట్టిన ఇల్లు విడిచి జనంలోకి వచ్చారు. అట్లా వచ్చినవాళ్లు లేకపోతే కష్టమయ్యేది, వాళ్ల వెనక బందగీలు ఐలమ్మలు లేకపోతే అసలు జరిగేదే కాదు. స్వరాజ్యం గారు 2022లో పోయేదాకా మన జిల్లా సభల్లో ఆ గొంతు వినపడుతూనే ఉండేది. నేను రెండుసార్లు విన్నాను. కూర్చుని మాట్లాడమంటే కూర్చునేవారు కాదు.

మా వైపు ఇంకొక చిత్రం ఉంది. మా పొరుగునే నడిగూడెం. మునగాల పరగణా అది. నలుదిక్కులా నిజాం రాజ్యం, నడుమ ఈ పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాలో భాగం. నాలుగు పొలాల గట్లు దాటితే రాజ్యం మారిపోయేది. అమెరికాలో బానిసలు రాత్రిళ్లు ఒహాయో నది దాటి విముక్తి రాష్ట్రాలకు పారిపోయేవారని చదివినప్పుడు నాకు ఈ గట్లే కళ్లముందు కనపడ్డాయి. మా తాత తమ్ముడు ఒక వానాకాలం రాత్రి గొంగడి కప్పుకుని అట్లాగే దాటాడు. అవతల ఏముంది? అక్కడ జమీందారు. నడిగూడెంలో ఆయన కోట. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు దివానుగా ఉండి తెలుగుకు ఎంతో చేసిన సంస్థానం అది, ఆ గౌరవం దానికి ఉండనే ఉంది. కానీ వెట్టి అక్కడా ఉంది, 1930లలో అక్కడి రైతులు కూడా దాని మీద తిరగబడాల్సి వచ్చింది. మా చిన్నతాత ఆరు నెలలకు తిరిగొచ్చాడు. "రాజు మారిండు, రాత మారలె" అన్నాడట.

సంఘం మా ఊరికి వచ్చినప్పుడు మొదట వచ్చింది తుపాకి కాదు, చీటీ. ఆంధ్ర మహాసభ సభ్యత్వం చీటీ. చందా ఇస్తే రాసిచ్చేవాళ్లు. అందుకే జనం చిట్టి సంఘం అనేవాళ్లు. తర్వాత దుడ్డుకర్రలు పట్టాక గుత్పల సంఘం అన్నారు. మా తాతకు అంతవరకు కాగితమంటే వేలిముద్ర వేసి బతుకు రాసిచ్చేదే. చేతికి తన కోసం వచ్చిన మొదటి కాగితం ఆ చీటీ. చదవడం రాదు. మడిచి రుమాలు కొసన కట్టుకున్నాడు. సినిమాలో జాంగో, చచ్చిపడున్న షుల్ట్జ్ జేబులోంచి బ్రూమ్‌హిల్డా విడుదల కాగితం తీసుకుంటాడు. గడీ పేలడం కంటే నాకు అదే పెద్ద దృశ్యం. కాగితంతో కట్టేసినవాళ్లకు కాగితం విలువ తెలుస్తుంది. మన జిల్లా పల్లెల్లో జనం గడీల మీద పడ్డప్పుడు అన్నిటికంటే ముందు వెతికి తెచ్చి వాకిట్లో మంట పెట్టింది అప్పు పత్రాలకే. మా ఊళ్లో మంట ఎంతసేపు మండిందని చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగాను. "చలి కాగేటంత సేపు" అంది.

దొరలు చాలామంది పట్నం వెళ్లిపోయారు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, నిజాం ఏలుబడి పోయింది. కొందరు దొరలు ఆ వెనకే తిరిగొచ్చారు. 1951 దాకా పోరాటం సాగింది, ఎందరో పోయారు. వెట్టిని రద్దు చేస్తూ దేశమంతటా చట్టం వచ్చింది 1976లో. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్నాను. ఇప్పటికీ ఇటుక బట్టీల దగ్గర, వేరే రాష్ట్రం నుంచి ముందే డబ్బు తీసుకుని పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలను చూసినప్పుడు, ఆ ముందు డబ్బు లెక్క ఎవరి దగ్గరుందని అడుగుతాను. మీరూ అడగండి.

మా ఊరి దొర పేరు ఈ ప్రసంగంలో చెప్పలేదు, చెప్పను కూడా. ఆ ఇంటి మునిమనవడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. ఛందస్సు బాగా వచ్చేది. మంచి పిల్లవాడు.

ఇక చెప్పుల సంగతి. మా ఊళ్లో సంఘం పెట్టిన కొన్నాళ్లకు తోలు పనిచేసే ఆ తాత మా తాతకు ఒక జత చెప్పులు కుట్టిచ్చాడు. దొరకు కుట్టినట్టే, కిర్రు చెప్పులు. డబ్బులు తీసుకోలేదట. "తొడుక్కుని ఒక్కపారి గడీ ముందుకెల్లి పోయిరా, నేనిక్కడి నుంచి వింట" అన్నాడట. మా తాత మూడు రోజులు వాటిని చూరులో దాచాడు. నాలుగోనాడు పొద్దుగూకే వేళ తలకు రుమాలు చుట్టి, చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు. పది అడుగుల వెనక మా నాయనమ్మ, నెత్తి మీద గడ్డిమోపుతో. ఆమె చూపంతా గడీ తలుపు మీదే. కిర్రు, కిర్రు, కిర్రు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారట. మనిషిని చూసి, మళ్ళీ కూర్చోవాలో వద్దో తెలియక అట్లాగే ఉండిపోయారట. గడీలోంచి ఎవరూ బయటికి రాలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పాక మా తాత కాళ్లు గజగజ వణికాయట. నీళ్లిస్తే చెంబు చేతిలో నిలవలేదట. ఆ రాత్రి గట్క ముద్ద గొంతు దిగలేదట.

మరునాడు పొద్దున్నే మళ్ళీ అదే దారిన వెళ్లాడట. అటువైపు ఆయనకు పనేమీ లేదట.